సంఘం మడిగెలో కథల పుస్తకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నన్ను కన్న మా అవ్వ అనేది, మా ఆయన అంటాడు, నా దుకాణంలో పుస్తకం కొని దాన్ని వెనక్కి విరిచి పట్టుకొని నా చేత తిట్లు తిన్నవాళ్లందరూ అంటారు. పుస్తకాన్ని అట్లా విరిస్తే నేను ఊరుకోను. మీ పైసలు పెట్టి మీరు కొన్నదే కావచ్చు, ఇంటికి పోయి విరుచుకోండి, నా కళ్ల ముందు వద్దు.

మాది కరీంనగర్ నుంచి ధర్మపురి పోయే దిక్కున ఉన్న ఊరు. పేరు రాయను. రాస్తే మళ్లీ పంచాయితీ మొదలవుతుంది. మగవాళ్లు సాంచాలు నడుపుతారు, అంటే కరెంటు మగ్గాలు. ఆడవాళ్లు ఇళ్ల ముందు కూచొని బీడీలు చేస్తారు. ఊరి నడుమ మా కుల సంఘం భవనం ఉంది. పైన మీటింగు హాలు, కింద రోడ్డు వైపు వరసగా షట్టర్లున్న గదులు. వాటిని మేము మడిగెలంటాం. అందులో ఒక మడిగె నా పుస్తకాల దుకాణం.

దుకాణం మొదట మా నాన్నది, బాపు అని పిలిచేదాన్ని. సాంచాల దగ్గర దూది దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు పాడైతే, ఆ పని మానమని డాక్టరు చెప్పాడు. అప్పుడు సంఘం వాళ్లు మడిగె ఇచ్చారు. బాపు నోటుబుక్కులు, పలకలు, గైడ్లు పెట్టుకొని కూచున్నాడు. బాపు పోయాక ఆ మడిగె ఎవరికివ్వాలనే మాట వచ్చింది. మా ఇంట్లో మగపిల్లలు లేరు. అప్పుడు సంఘం అధ్యక్షుడు, అంటే మా చిన్నబాపు, బాపుకు సొంత తమ్ముడు, హాలులో లేచి, "ఆడివిల్ల దుకాణం నడుపదా ఏంది? నా బిడ్డ నడుపుతది" అని ఒక్క మాటతో తేల్చేశాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే మనిషినైతే తర్వాత జరిగిన గొడవలో నాకు అంత బాధ ఉండేది కాదు.

బాపు ఉన్నప్పుడు దుకాణంలో కథల పుస్తకాలు లేవు. నేను వచ్చాకే పెట్టాను. గైడ్లూ నోటుబుక్కులూ వెనక్కి పోయాయి, కథలూ నవలలూ గుమ్మానికి ఎదురుగా వచ్చాయి. మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆ అర ముందు నిలబడి తల కొట్టుకుంటాడు. "అమ్ముడువోయేటియి ఎనుకకు, అమ్ముడువోనియి ముంగటికి. గిసొంటి యాపారం దునియల ఎక్కడ చూడలే" అంటాడు. నిజమే. బడులు తెరిచే నెలలో గైడ్లు పోతేనే ఏడాదంతా మేం తినేది. కొండగట్టు ఆంజనేయుని మాలలు వేసే రోజుల్లో అంజన్న పాటల పుస్తకాలు పోతాయి. కథలు కొనేవాళ్లు ఎప్పుడో ఒకరు వస్తారు. కానీ ఆ వచ్చినవాళ్లు అర ముందు నిలబడి, ఒకటి తీసి, మొదటి పేజీ చదువుతూ చదువుతూ ఎక్కాల్సిన బస్సు సంగతే మరిచిపోతారు. అది చూడటానికే నేను రోజూ షట్టరు ఎత్తుతాను.

నాకు నచ్చనివి కూడా అమ్ముతాను. కలలకు అర్థాలు చెప్పేవి, ఇంటి ముఖం ఎటుంటే ఏమవుతుందో చెప్పేవి, కూచున్న చోటనే కోటీశ్వరుణ్ణి చేసేవి. "గీ చెత్త ఎందుకు తమ్మీ?" అని నోరు పారేసుకుంటాను. అయినా తెప్పించి ఇస్తాను. చిన్నబాపు వాస్తు పుస్తకం అడిగితే కూడా అట్లాగే నవ్వి, హైదరాబాదు నుంచి తెప్పించి ఇచ్చాను. అది చదివి ఆయన బంగారం లాంటి మెట్లు కూలగొట్టి ఇంకో దిక్కుకు కట్టించుకున్నాడు. చదివేవాళ్ల ఇష్టం, నాకేం?

ఈ బుద్ధి నాకు బీడీల గుంపులో వచ్చింది.

మా వాడకట్టులో పగటి పూట ఆడవాళ్లు ఎవరిదో ఒకరి అరుగు మీద చేరి, ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. చేతులకు పని, చెవులకు ఖాళీ. నాకు చదవడం వచ్చినప్పటి నుంచీ ఆ చెవులకు పుస్తకం వినిపించే పని నాదైంది. చిత్తుకాగితాల కొట్లో బాపు ఏరి తెచ్చిన పాత నవలలు అవి. అట్టలు ఉండవు, కొన్నిటికి చివరి పేజీలు కూడా ఉండవు. చదివే మనిషి చేతులతో బీడీలు చుట్టలేదు కదా. అందుకని వినేవాళ్లు తలా కొన్ని చుట్టి మా అవ్వ చాటలో వేసేవాళ్లు. ఎవరూ చెప్పి పెట్టింది కాదు, అట్లా నడిచేది. చివరలు లేని నవలలకు చివరలు వాళ్లే చెప్పుకొని, నీది తప్పంటే నీది తప్పని కొట్లాడుకునేవాళ్లు.

ఆ గుంపులో ఒక పద్ధతి ఉండేది. చదువుతున్నది ఎవరికైనా నచ్చకపోతే, "నాకద్దు తల్లీ" అని చాట పట్టుకొని లేచి అవతలి అరుగు మీదికి పోవాలి. పుస్తకం మూయమని మాత్రం అనకూడదు. ఒకసారి ఒక నవలలో మొగుణ్ణి వదిలి వెళ్లిపోయిన ఆమె కథ వచ్చింది. ఒక ముసలవ్వ చీదరించుకొని లేచిపోయింది. అవతలి అరుగు మీద కాళ్లు చాపుకొని కూచొని, కాసేపయ్యాక అక్కడి నుంచే, "జర జోరుగ చదువే పిల్లా, ఇనవడ్తలేదు" అని కేక పెట్టింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను గొంతు పెంచి చదివాను.

ఇక గొడవ సంగతి చెప్తాను.

ఒకరోజు పొద్దున చెన్నూరు నుంచి ఒకామె దుకాణానికి వచ్చింది. సర్కారు దవాఖానలో నర్సు. భుజానికి సంచి, సంచి నిండా తను రాసిన కథల పుస్తకాలు. సొంత పైసలతో అచ్చు వేయించుకుందట. డ్యూటీ లేని రోజుల్లో ఊరూరూ తిరిగి దుకాణాల్లో పెడుతోందట. సన్నటి పుస్తకం, అట్ట మీద బీడీల చాట బొమ్మ. "పెట్టుకుంటవా అక్కా?" అని అడిగింది, పెట్టుకోరన్న నమ్మకంతోనే. చదవకుండా నేను ఏదీ ఎదుటి అరలో పెట్టను. ఆమెకు చాయ్ తెప్పించి, ఆమె ముందే చదవడం మొదలుపెట్టాను. మొదటి కథ అయ్యేసరికి సంచి మొత్తం దింపమన్నాను. మిగతావి మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండా చదివాను.

అందులో చివరి కథ ఇది. బీడీలు చేసే ఒకామె, మొగుడు తాగి తన కష్టం గుంజుకుంటున్నాడని కుల పెద్దల ముందుకు వస్తుంది. పెద్దమనిషి అంతా వింటాడు. విని, ఇంటి గుట్టు బజారుకెక్కించావని ఆమెనే తప్పు పడతాడు. అందరి ముందూ మొగుని కాళ్లు మొక్కి ఇంటికి పొమ్మంటాడు. ఆమె వంగుతుంది. కాళ్ల దాకా చెయ్యి పోతుంది. అక్కడ ఆగి, లేచి నిలబడుతుంది. కొంగు నడుముకు చెక్కుకొని, ఆ మగవాళ్ల నడుమ నుంచి బయటికి వెళ్లిపోతుంది. అంతే. చదివి నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, పుస్తకాలమ్మే మనిషికి ఏడుపు రాకపోతేనే సిగ్గుపడాలి.

పుస్తకాన్ని గుమ్మానికి ఎదురుగా పెట్టాను. చిన్నబాపు కోడలు వచ్చి ఒకటి కొనుక్కుపోయింది. ఇంటరు దాకా చదివిన పిల్ల. ఇప్పుడు వాళ్ల గుంపులో చదివి వినిపించేది ఆమే. ఈ రోజుల్లో ఒక్కొక్కరి చెవిలో ఒక్కో సెల్‌ఫోన్ వైరు ఉంటుంది. అయినా మంచి కథ దొరికిందంటే వైర్లు తీసేసి వింటారు. ఆ రోజు వాన పడుతోందని గుంపు చిన్నబాపు ఇంటి వరండాలో చేరింది. ఆయన లోపల పడుకొని ఉన్నాడు. కోడలు చదువుతుంటే పరదా వెనుక నుంచి విన్నాడు. చివరి కథలో పెద్దమనిషి కాళ్లు మొక్కమన్న చోటికి వచ్చేసరికి పరదా లాగి బయటికొచ్చి, "బంద్ చెయ్!" అని అరిచాడట. ఆడవాళ్లు చాటలు సర్దుకొని వానలోనే ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

తెల్లారి నేను షట్టరు ఎత్తుతుంటేనే వచ్చి నిలబడ్డాడు.

"గా నర్సు పుస్తకం తీసెయ్ బిడ్డా."

"ఎందుకు చిన్నబాపూ?"

"అండ్ల నన్ను రాసింది."

"నీ పేరున్నదా?"

"పేరెందుకు? సంఘం పెద్దమనిషి అంటె ఎవలు? నేనే గద."

"మన ఊర్లనే ఉన్నదా సంఘం? ఊరికొకటి ఉన్నది. ఊరికో పెద్దమనిషి ఉన్నడు."

"కాళ్లు మొక్కిచ్చింది నేను గాదా?" అన్నాడు. అన్నాక, పక్క మడిగెలో టైలరు మిషను ఆగిపోవడం విని గొంతు తగ్గించాడు. "మంచిగ చెప్తున్న. తీసెయ్."

అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఆయన కొత్తగా అధ్యక్షుడైన రోజుల్లో, మా వాడకట్టులో ఒకామెకు సరిగ్గా అట్లాంటి తీర్పే చెప్పాడు. ఆమె మొక్కింది. కొన్నాళ్లకు ఒక్కతే బొంబాయి దిక్కు భీవండి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఊరు ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. టైలరుకు తెలియదు, సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లలకు అసలే తెలియదు. ఈయన వచ్చి అరవడంతో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. ముసలివాళ్లు గుర్తు చేసుకొని మరీ చెప్పారు. దాచుకోవాల్సినదాన్ని తనే నడి బజారులో పరిచి పెట్టాడు పాపం.

నర్సుకు ఫోన్ చేశాను.

"ఒట్టక్కా, మీ ఊర్ల నాకు నువ్వు తప్ప ఎవలు తెల్వదు" అంది.

"మరి ఎవల్ని రాసినవే?"

"దవాఖానకు వచ్చే ఆడోళ్లు చెప్పిన ముచ్చట్లు గలిపి రాసిన. అండ్ల ఏ ఊరాయన లేడు. గోదావరి ఒడ్డుకు ఇంకో ఊరాయన గూడ ఫోన్ చేసిండక్కా. గది నేనే, నా కథ తీసెయ్ అన్నడు. మా దగ్గర ఒకాయన నాతోని మాట్లాడుడే బంద్ వెట్టిండు."

నాకు నవ్వాగలేదు. ఒక్క కథకు ఇంతమంది పెద్దమనుషులు నేనంటే నేనని ముందుకొస్తున్నారు. అవతల నర్సు మాత్రం నవ్వలేదు.

మా ఊళ్లో అమావాస్య నాడు సాంచాలు నడవవు. సంఘం మీటింగులు ఆ రోజే పెడతారు. నన్ను పైకి పిలిచారు. హాలు నిండా మగవాళ్లు, ఆడదాన్ని నేనొక్కదాన్నే. అధ్యక్షుని కుర్చీలో చిన్నబాపు, నా దిక్కు చూడకుండా గోడ గడియారం దిక్కు చూస్తున్నాడు. కమిటీలో ఒకాయన లేచి, ఆ పుస్తకం మన కులానికే మచ్చ, సంఘం మడిగెలో కూచొని సంఘాన్నే తిట్టే పుస్తకం అమ్ముతారా అని గట్టిగా మాట్లాడాడు. చాలామంది తలలూపారు.

"ఎవలన్న చదివిన్రా?" అని అడిగాను.

వెనుక నుంచి ఒకాయన, "చదువుడెందుకు? అధ్యక్షుడు ఇన్నడు గద" అన్నాడు.

"ఆయన గూడ సగమే ఇన్నడు" అన్నాను. "బీడీల కాడ మా ఆడోళ్లకు ఒక పద్ధతి ఉన్నది. నచ్చనోళ్లు చాట వట్టుకొని లేచి పోవాలె గని, పుస్తకం మూయుమనద్దు. ఇప్పుడు ఈడ నేను కథ మొత్తం చదువుత. అద్దనుకున్నోళ్లు కిందికి వోయి చాయ్ తాగుండ్రి. అయిపోయినంక మాట్లాడుదాం."

"సంఘంల గూడ బీడీల ముచ్చట్లేనా?" అని ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. చదవనివ్వలేదు. చివరికి చిన్నబాపే తీర్పు చెప్పాడు, గడియారం దిక్కు చూస్తూనే. వచ్చే అమావాస్య దాకా గడువు. అప్పటికీ ఆ పుస్తకం దుకాణంలో కనిపిస్తే మడిగెకు సంఘం తాళం పడుతుంది.

"మడిగె సంఘంది, తాళం ఏసుకుంటె ఏసుకోండ్రి" అన్నాను. "పుస్తకం మాత్రం నేను తియ్య."

అని ధీమాగానే మెట్లు దిగాను. కింద దుకాణంలో కూచొని ఆ నెల అమ్మకాల లెక్క తీసి చూసుకున్నాను. భయమేసింది. ఎందుకు వేయదు? ఆ మడిగె లేకపోతే నాకు ఇంకో బతుకు తెలియదు. ఇంకో చోట అద్దెకు తీసుకునేంత స్తోమత లేదు. పిల్లల చదువులు నడుమలో ఉన్నాయి.

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను.

"ఒక్క పుస్తకమేనాయె" అన్నాడు. "మిగిలినయి గన్ని ఉన్నయి గద. గది తీస్కపోయి ఇంట్ల పెట్టు. ఎవలన్న అడిగితె ఇంటికాడ ఇయ్యి. పరేషాన్ ఎందుకు?"

"గియ్యాల నర్సుది తీస్త. రేపు ఎవలో వచ్చి ఇంకోటి తియ్యిమంటరు. అప్పుడేం చెయ్యాలె?"

"రేపటి ఫికర్ రేపు. ఎవ్వల్తోని పడని మొండిదానివి."

"ఔ. మొండిదాన్నే" అని ఫోన్ పెట్టేశాను. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు, బుద్ధిమంతులు ఎవరైనా అదే చెప్తారు. రాత్రి రొట్టె తింటూ నేనూ అదే ఆలోచించాను. కానీ వాస్తు పుస్తకం ఎందుకయ్యా అని నవ్వుతూనే తెప్పించి ఇచ్చినదాన్ని, ఈ పుస్తకం ఎవరూ చదవొద్దని ఎట్లా తీస్తాను? ఆ అర ముందు నిలబడినవాళ్లు ఏది చదవాలో తేల్చే హక్కు నాకే లేదు. నాకు లేని హక్కు చిన్నబాపుకు మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంత ఆలోచన చేశానని గొప్పకు చెప్పడం లేదు. ఆలోచించినకొద్దీ కోపమే పెరిగింది, ఆ కోపమే నన్ను నిలబెట్టింది.

ఆ తర్వాత చూడాలి తమాషా. మీటింగు అయిన మర్నాటి నుంచి ఆ పుస్తకానికి గిరాకీ మొదలైంది. కమిటీవాళ్ల ఇళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చారు. "మా ఆయనకు చెప్పకు అక్కా" అని ఒకామె, అరగంటకు ఆమె మొగుడు వచ్చి "మా ఇంటామెకు ఎర్క చెయ్యకు" అని ఇంకొకటి. కులానికి మచ్చ అని గట్టిగా మాట్లాడినాయన, టైలరు అన్నానికి పోయిన వేళ చూసుకొని వచ్చాడు. అందరిదీ ఒకటే మాట, "జర పేపర్ల సుట్టియ్యి." పాత పేపర్లన్నీ వాటికే అయిపోయాయి. ఎవరెవరు కొన్నారో ఇప్పుడు కూడా చెప్పను. చెప్పమని అడిగితే చిన్నబాపుకు కూడా చెప్పలేదు.

పుస్తకాలు అయిపోవడంతో నర్సుకు ఫోన్ చేసి ఇంకో సంచి తెమ్మన్నాను. ఆమె ఖాళీ సంచితో వచ్చింది.

"ఏమైనయే పుస్తకాలు?"

"తేలేదక్కా. అమావాస్య దగ్గరకొచ్చింది. ఇగ అయిపోయినయి గద, గింతటితోని ఇడిసిపెట్టు. నా కథ కోసం నీ దుకాణం పోతె నాకు నిద్ర వట్టది."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నువ్వు రాసినవ్, నీ పని ఒడిసింది. అమ్ముడు నా పని. నా పని నడుమ నువ్వు రాకు" అని అరిచాను. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. మళ్లీ నేనే కూచోబెట్టి, నా డబ్బాలో అన్నం సగం పెట్టి, "పోయి తీస్కరాపో చెల్లె. అరల ఒక్కటన్న లేకపోతె, తీసేసినవా అని అడుగుతరు. ఔ అని నా నోటితోని నేనెట్లంట?" అన్నాను. తర్వాతి సెలవు రోజు సంచి నింపుకొని వచ్చింది.

అమావాస్య రానే వచ్చింది. సాంచాల చప్పుడు లేకపోతే మా బజారు బజారులా ఉండదు. పొద్దున్నే పుస్తకాలు తుడిచి, నర్సు పుస్తకం అట్ట కనబడేట్టు పెట్టి, పిల్లల ఫోటో ఒకటి గోడకుంటే తీసి సంచిలో వేసుకున్నాను. తాళం పడితే ఆ ఒక్కటి లోపల ఉండిపోవద్దని. పగటి పూట చిన్నబాపు, కమిటీవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకాయన చేతిలో సంఘం వాళ్ల పెద్ద తాళం. చిన్నబాపు గుమ్మం ముందు ఆగి అర దిక్కు చూశాడు. పుస్తకం కనిపించింది.

"మీరు వోయి చాయ్ తాగుండ్రి" అన్నాడు ఇద్దరితో. వాళ్లు పోయాక లోపలికొచ్చి, బాపు కూచునే స్టూలు మీద కూచున్నాడు. ఎండకు వచ్చాడని నీళ్లిచ్చాను. తాగలేదు.

"కథల ఆమె మొక్కిందా?" అని అడిగాడు.

కథ సగంలో ఆపించింది ఆయనే. ఆ తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. ఇంట్లో కోడల్ని అడగడానికి మనసొప్పలేదు. ఈ నెలంతా అట్లాగే తిరిగాడన్నమాట.

"నేను చెప్ప" అన్నాను. "పుస్తకాలు అమ్మెటోళ్లు కథ చివర చెప్పద్దు. చదువుకో."

"మన ఊరామె మొక్కింది."

"ఎర్కే చిన్నబాపూ."

"మొక్కి లేసి నా దిక్కు జూసింది. మొగుని దిక్కు గాదు, నా దిక్కు. బస్సెక్కెటప్పుడు గూడ నేను బస్టాండ్లనే ఉన్న. ఎటు పోతున్నవమ్మా అని ఒక్క మాట అడుగలే. అడిగితె ఉంటుండెనో ఏమో."

చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని ధర్మపురి జాతర చూపించిన మనిషి. ఆయన మీద కోపం అట్లాగే ఉంది. అయినా లేచి, అరలోంచి పుస్తకం తీసి ఇచ్చాను.

"సుట్టియ్యాల్నా?"

"ఎందుకు?" అన్నాడు. అంగీ జేబులో పట్టకపోతే చేత్తోనే పట్టుకున్నాడు, అట్ట మీది చాట బొమ్మ పైకి కనబడేట్టు.

ఇద్దరూ చాయ్ తాగి వచ్చారు. "మరి తాళం?" అన్నాడు తాళం పట్టుకున్నాయన.

"నేను పుస్తకం మొత్తం చదివినంక జూద్దాం" అన్నాడు చిన్నబాపు. "చదువక ముందు తీర్మానం ఏంది? పాండ్రి."

అది జరిగి చాలా అమావాస్యలు పోయాయి. ప్రతి మీటింగులో ఎవరో ఒకరు లేచి, పుస్తకం అయిపోయిందా అని అడుగుతారు. "ఇంక అయిపోలే" అంటాడు. ఎంత సన్న పుస్తకమో హాలులో అందరికీ తెలుసు, చుట్టించుకుపోయి చదివినవాళ్లే మరి. ఎవరూ మారుమాట మాట్లాడరు. నా మడిగె తెరిచే ఉంది.

మొన్న ఆయన కోడలు పుస్తకాలకు వచ్చింది. నాకు మరదలు వరస. నేను ఊరుకోక, "మీ మామ ఎందాక చదివిండే? నిజంగ చదువుతుండా, నన్ను కాయడానికి ఊకె అంటుండా?" అని అడిగాను.

"చదువుడేంది వదినె, దినాం చదువుతడు" అంది. "అన్ని కథలు అయిపోయినయి. చివరిదే మిగిలింది. కండ్లు అవుపడుతలేవని నన్ను చదువుమంటడు. వరండాల గుంపు ముంగటనే. ఆమె వంగేది చదువుత. లేసి నిలవడేది చదువుత. గక్కడికి రాంగనే చెయ్యి అడ్డం పెడ్తడు. ఆమె పోయేది మాత్రం చదువనియ్యడు."